వేట వద్దు సరే, వేటగాడి చూపు సంగతేంటి?

కొయ్యతో బాతుని చెక్కడం నేర్చుకుంటున్నానని చెప్తే మా టీంలో వచ్చిన మొదటి ప్రశ్న "ఎందుకు?". రెండోది "ఎంతకి అమ్ముడవుద్ది?". రెండో దానికి జవాబు తేలిక కాబట్టి ముందు అది చెప్పేస్తా. మసాచుసెట్స్‌కి చెందిన ఎల్మర్ క్రోవెల్ అనే ఆయన చెక్కిన రెండు కొయ్యపక్షులు 2007లో ఒక్కోటి 11 లక్షల 30 వేల డాలర్లకి అమ్ముడయ్యాయి. నేను చెక్కిన దాన్ని మా అమ్మ టీవీ పక్కన పెట్టడానికి ఒప్పుకుంది. ప్రస్తుతానికి మార్కెట్ విలువ అదీ :)

మొదటి ప్రశ్నకి మాత్రం కొంచెం పెద్ద జవాబే చెప్పాలి. ఎందుకంటే నేను చెక్కేది ఊరికే బొమ్మ కాదు, వేట పనిముట్టు. ఇంగ్లీషులో డెకాయ్ అంటారు. మనకి దీనికి సొంత మాటే ఉంది, దీమం. బ్రౌన్ నిఘంటువు తీస్తే కనిపిస్తుంది. తోటి జంతువుల్ని, పక్షుల్ని దగ్గరికి రప్పించి పట్టుకోవడానికి వాడే మృగాన్నీ పిట్టనీ దీమం అంటారు. దీమపు లేడి, దీమపు పిట్ట. పాత కావ్యాల వేట ఘట్టాల్లో తగులుతూ ఉంటుంది ఈ మాట. ఇంజినీరింగ్ దాకా తెలుగు మీడియం వాసన తగలని మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదనుకోండి, అది వేరే గొడవ.

మూడేళ్ళ కింద ఆన్‌సైట్ పని మీద ఆరు నెలలు మేరీలాండ్‌లో ఉన్నా. ఆ రాష్ట్రంలో చీసపీక్ అని పెద్ద ఉప్పునీటి ఖాతం ఉంది. చలికాలంలో లక్షల బాతులు దిగుతాయి. అక్కడ కొయ్యబాతులు చెక్కడం ఒక సంస్కృతి. క్రిస్‌ఫీల్డ్ అనే ఊళ్ళో లెమ్, స్టీవ్ వార్డ్ అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. వృత్తి క్షవరం, ఖాళీ టైములో బాతులు చెక్కడం. పోను పోను ఆ ఖాళీ టైము పనే వాళ్ళకి పేరు తెచ్చింది, వాళ్ళ పేరుతో ఒక మ్యూజియం కూడా వెలిసింది. నాకు ఆసక్తి అనిపించింది వాళ్ళ పేరు కాదు. 1918లో అమెరికాలో వలస పక్షుల చట్టం వచ్చి, పక్షుల్ని చంపి బజారులో అమ్మే వ్యాపారాన్ని ఆపేసింది. 1935లో బతికున్న బాతుల్ని దీమాలుగా వాడటాన్నీ నిషేధించారు. అయినా చెక్కేవాళ్ళ చేతులు ఆగలేదు. వేట తగ్గే కొద్దీ అది కళ అయ్యి కూర్చుంది.

అది చూశాక నా బుర్రలో తిరిగిన ప్రశ్న ఒకటే. మా కొల్లేట్లో ఏమైంది?

నాది తాడేపల్లిగూడెం. ఏలూరు, ఆకివీడు, కైకలూరు వైపు చుట్టాలున్న ప్రతి ఇంట్లోనూ చలికాలం పరజ పిట్టల కూర గురించి ఒక కథ ఉంటుంది. మా తాతయ్య తరం వాళ్ళు దాన్ని చెప్పే తీరు చూస్తే పులస పులుసు కూడా దిగదుడుపే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి, ఉప్పుటేరు మోసుకెళ్ళి సముద్రంలో కలుపుతుంది. చలికాలం వస్తే ఉత్తరాది నించి, ఇంకా పైనించి బాతులు దిగుతాయి. మనుషులు పట్టుకున్నారు, తిన్నారు, అమ్మారు. ఇందులో దాచాల్సిందేమీ లేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1999లో కొల్లేరుని అయిదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువుల గట్లు పేల్చేశారు. ఆ చట్టంలో వేట అంటే తుపాకి పేల్చడం ఒక్కటే కాదండోయ్. వల వెయ్యడం, ఉచ్చు పెట్టడం, ఎర చూపి రప్పించడం, వీటికి ప్రయత్నించడం, అన్నీ వేటే. కాబట్టి ముందే చెప్తున్నా, ఇది చదివి ఎవరూ కొయ్యబాతు పట్టుకుని కొల్లేట్లో దిగకండి. జైలుకెళ్తే నాకు సంబంధం లేదు.

వేట నిషేధం సరైనదే. ఇందులో నాకు రెండో మాట లేదు. భరత్‌పూర్‌లో 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కాల్చింది. ఆ లెక్కని రాతి మీద చెక్కించి పెట్టారు కూడా. అలాంటి 'ఘనకార్యాలు' మళ్ళీ రాకూడదు. కానీ చట్టం ఆపింది చేతిని. ఆ చేతి వెనక ఒక కన్ను ఉండేది. ఆ కన్నుకి తెలిసింది ఎక్కడికి పోయింది? నేను చెప్పదల్చుకున్నదంతా దీని గురించే.

వివరంగా చెప్తా. మన దేశంలో బాతుల్ని పట్టే పాత పద్ధతి ఒకటుంది. ముందు కొన్ని ఖాళీ కుండల్ని నీళ్ళలో వదిలేస్తారు. బాతులు మొదట బెదురుతాయి, నాలుగు రోజులకి అలవాటు పడతాయి. అప్పుడు మనిషి కళ్ళకి కంతలు పెట్టిన కుండ నెత్తిన బోర్లించుకుని, మెడదాకా మునిగి, మెల్లగా వాటి మధ్యకి నడిచెళ్ళి కాళ్ళు పట్టి లాగేస్తాడు. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో లవ్‌లాక్ అనే గుహ ఉంది. అక్కడ 1924లో రెండు వేల ఏళ్ళ నాటి దీమం బాతులు దొరికాయి. వాటిని దేంతో చేశారనుకుంటున్నారు? మన తుంగ జాతి గడ్డితో! ఆ గడ్డిని కట్టలు కట్టి, వంచి, ఈకలు గుచ్చి చేశారు. ఎక్కడి కొల్లేరు, ఎక్కడి నెవాడా. ఇద్దరూ చేసింది ఒకే పని: బాతు దేన్ని చూసి బెదురుతుంది, దేన్ని చూసి బెదరదు అని ఏళ్ళ తరబడి గమనించడం. మన భాషలో చెప్పాలంటే ఎదుటివాడి సిస్టం ఏ ఇన్‌పుట్‌ని నమ్ముతుందో డాక్యుమెంటేషన్ లేకుండా కనిపెట్టడం.

సర్లెండి, ఇప్పుడు నా చెక్కుడు సంగతి.

గూడెంలో ఒక వడ్రంగి మేస్త్రీ గారి దగ్గర శని ఆదివారాలు కూర్చున్నా. ఆయన జీవితమంతా గుమ్మాలూ కిటికీలే. బాతు ఎప్పుడూ చెయ్యలేదు. "చెయ్యనిది ఏవుందండీ, కొయ్యేగా" అన్నారు. మొదటి రెండు రోజులూ చెక్క ముట్టుకోనివ్వలేదు. సాన రాయి, నీళ్ళు, ఉలి. అంతే. పదును లేని ఉలి చెక్కని కొయ్యదు, చీలుస్తుంది. పైగా బలం ఎక్కువ పెట్టాల్సొస్తుంది కాబట్టి తెగేది మన వేలే. మొండి ఉలి కంటే పదునైన ఉలే సేఫ్ అన్నమాట.

ఆ తర్వాత బొమ్మ గియ్యడం. పక్కనించి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, పైనించి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి. రెండూ అట్ట మీద గీసి, కత్తిరించి, దిమ్మ మీద పెట్టి గీతలు కొట్టాలి. పడగొట్టిన పాత పెంకుటింటి టేకు గుమ్మం ముక్క దొరికింది. నేను ఎంచుకున్నది సూదితోక బాతు. మగదానికి చాకొలెట్ రంగు తల, మెడ పక్కన తెల్లటి చార, వెనకాల సూదిలాంటి పొడుగు తోక. అప్పుడు మేస్త్రీ గారు అడిగారు.

"ఇది నీళ్ళలో ఎంత మునుగుద్దండి?"

ఈ ప్రశ్నకి గూగుల్‌లో ఉన్న వెయ్యి ఫోటోలూ పనికి రాలేదు. ఫోటోగ్రాఫర్లందరూ ఈకల రంగుల కోసం తీస్తారు. నీటి గీత ఎక్కడుందో చూడాలంటే కళ్ళతో వెళ్ళి చూడాలి. వెళ్ళా. బైనాక్యులర్ పెట్టుకుని రెండు గంటలు ఒకే గుంపుని చూశా. అన్ని బాతులూ ఒకేలా తేలవు. నీళ్ళలో బుడుంగున మునిగి మేసే రకాలు కిందకి ఉంటాయి, తోక నీళ్ళకి దగ్గరగా. సూదితోక లాంటివి తలకిందులుగా వంగి మేసే రకం, ఇవి తేలిగ్గా పైకి తేలుతూ ఉంటాయి, తోక ఎత్తి. గాలి ఎటునించి వీస్తే అటే ముక్కు పెట్టి కూర్చుంటాయి. ఇంతకుముందు కూడా అటాక వెళ్ళా, మూడు నాలుగు సార్లు. ప్రతిసారీ రెండొందల ఫోటోలు తీసుకొచ్చా. ఇవేవీ ఆ ఫోటోల్లో లేవు.

చెక్కడం మొదలెట్టాక ఇంకొన్ని తెలుస్తాయి. తలని, ఒంటిని వేర్వేరుగా చెయ్యాలి. ఎందుకంటే చెక్క నార ముక్కు పొడుగునా పారాలి, అడ్డంగా పారితే ముక్కు పుటుక్కున విరిగిపోతుంది. ఒళ్ళు రెండు ముక్కలుగా చేసి లోపల తొలిచి అతికిస్తే తేలికవుతుంది. అడుగున కొంచెం బరువు బిగించాలి. పరీక్ష ఏంటంటే నీళ్ళ తొట్లో తలకిందులుగా పడేస్తే దానంతటది తిరగబడి నిలబడాలి. ఉప్పు కాగితంతో మరీ నున్నగా తోమేయకూడదు, రంగు మెరవకూడదు. మెరిసే బాతు దూరాన్నించి బాతులా కనపడదు, సీసాలా కనపడుతుంది.

తల దగ్గర ఆగా. మెడ నిటారుగా ఎత్తిన తల ఒకటి, మెడ ముడుచుకుని ఒంట్లోకి దించిన తల ఒకటి, రెండు చెక్కా. మొదటిది చాలా అందంగా వచ్చింది. మేస్త్రీ గారు కూడా అదే పెట్టమన్నారు. రెండూ సంచీలో వేసుకుని కొల్లేటి లంకల్లో తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన దగ్గరికెళ్ళా. ఊరూ పేరూ చెప్పను. ఒకప్పుడు పిట్టలు పట్టినాయన, మానేసి చాలా ఏళ్ళయింది.

"తాతా, ఈ రెంటిలో ఏది బావుంది?"

చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఎత్తిన తలని నా చేతిలో పెట్టేశాడు. "ఇది గెద్దని చూసింది బాబూ. దీన్ని పెడితే పైనెళ్ళేయి కిందకి దిగవు, దిగినయ్యి కూడా లేచిపోతయ్." రెండో దాన్ని చూపించి "ఇది కడుపు నిండి కూకుంది. దీని పక్కన ఇంకోటి కూకుంటది" అన్నాడు.

అంతే. ఆ మాట ఆయన ఎక్కడా చదవలేదు. మేరీలాండ్‌లో చెక్కేవాళ్ళూ ఇదే చెప్తారు, బెదిరిన భంగిమ గుంపుకి ప్రమాద సంకేతం, దీమం ఎప్పుడూ నిశ్చింతగా కనపడాలి అని. వాళ్ళ దగ్గర అది పుస్తకాల్లో ఉంది, పోటీల్లో ఉంది, మ్యూజియంలో ఉంది. మన దగ్గర ఒక పెద్దాయన బుర్రలో ఉంది. ఆయన కొడుకు చేపల చెరువు మీద కూలికెళ్తాడు, మనవడు ఏలూరులో డిగ్రీ చదువుతున్నాడు. ఆ మనవడికి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ ఎవరూ కల్పించలేదు. పైగా ఆయన ఆ విషయం చెప్పడానికి అటూ ఇటూ చూసుకున్నాడు. చెప్తే కేసవుతుందేమోనని. మనం చేసిన పని అది. వేటని నేరం చేశాం, మంచిదే. దాంతో పాటు ఆ తెలివిని కూడా నేరంలా చూసి దాచుకునేట్టు చేశాం.

దీనివల్ల పోయేదేంటి అంటారా? ఒక పాత సంగతి చూడండి. కేరళకి చెందిన కె.కె. నీలకంఠన్ ఇంగ్లీషు అధ్యాపకుడు. ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసేవాడు. ఆయన 1946లో మా తాడేపల్లిగూడెం ప్రాంతంలోనే, ఆరేడు దగ్గర, గూడబాతులు గూళ్ళు పెట్టే చోటుని చూసి లోకానికి చెప్పాడు. అప్పటికి దాదాపు మూడు వేల పక్షులు. శాస్త్రం భాషలో దాన్ని 'కనుగొన్నాడు' అంటారు. ఊళ్ళో వాళ్ళు రోజూ చూస్తూనే ఉండుంటారు, మూడు వేల గూడబాతులు కనపడకపోడానికి అవేం దోమలు కాదు కదా. 1975 ప్రాంతానికి ఆ కాలనీ లేకుండా పోయింది. నేను గూడెంలో పుట్టి, అక్కడే ఇంటర్ దాకా చదివి, ఈ సంగతి ఒక్క మాస్టారి నోటి నించీ వినలేదు. పోయిందన్న సంగతే తెలియనివాడు దాని కోసం ఎలా బాధపడతాడు?

ఇప్పుడు ఇదే దీమం ఇంకో పక్కనించి ఎలా పనికొచ్చిందో చెప్తా. అమెరికాలో మెయిన్ రాష్ట్రం దగ్గర ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి పఫిన్ పక్షుల్ని పందొమ్మిదో శతాబ్దంలో మనుషులు వేటాడి తుడిచిపెట్టేశారు. 1973లో స్టీఫెన్ క్రెస్ అనే ఆయన కెనడా నించి పిల్లల్ని తెచ్చి ఆ దీవి మీద పెంచడం మొదలెట్టాడు. పెరిగి సముద్రంలోకెళ్ళినవి తిరిగి రావాలి. పఫిన్లు ఒంటరిగా ఉన్న చోట దిగవు. అందుకని కొయ్య పఫిన్లు చెక్కించి రాళ్ళ మీద నిలబెట్టాడు. వేటగాళ్ళ పాత ట్రిక్కే! 1981లో పఫిన్లు అక్కడ మళ్ళీ పిల్లల్ని చేశాయి. ఆ తర్వాత ఇదే పద్ధతిని ప్రపంచంలో చాలా చోట్ల వాడారు. అన్ని చోట్లా కథ సుఖాంతం కాదు. న్యూజీలాండ్‌లో మానా దీవి మీద కాంక్రీటు గానెట్ పక్షుల్ని పెడితే, నైజెల్ అని ఒకే ఒక్క గానెట్ వచ్చి, ఒక కాంక్రీటు బొమ్మ పక్కన గూడు కట్టి ఏళ్ళ తరబడి కాపరం చేసి, 2018లో చచ్చిపోయింది. ఇంకో మూడు గానెట్లు అప్పుడే కొత్తగా వచ్చాయి పాపం.

మన అటాకలో అటవీ శాఖ వాళ్ళు చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతితే గూడబాతులు వాటి మీద గూళ్ళు పెట్టాయి. ఆలోచిస్తే అదీ దీమం బాపతే. పక్షి కంటికి ఏది నమ్మకంగా కనపడుతుందో తెలుసుకుని, దాన్ని మనిషి చేసి పెట్టడం. పట్టుకోడానికి కాకుండా నిలబెట్టుకోడానికి.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. దీమం చెక్కడం నేర్చుకోవడంలో నాకు దొరికింది బొమ్మ కంటే ఎక్కువ. ఒక పక్షిని గంటల తరబడి ప్రశ్నలతో చూడటం అలవాటైంది. ఆ ప్రశ్నలు వేటగాడివి: ఎంత మునుగుతుంది, ఎటు తిరుగుతుంది, ఎప్పుడు బెదురుతుంది, ఎవరి పక్కన కూర్చుంటుంది. ఇవే ప్రశ్నలు రేపు కొల్లేరుని కాపాడాలనుకునేవాడికి కూడా కావాలి. ఆ ప్రశ్నలకి జవాబులు తెలిసినవాళ్ళు లంకల్లో ఇంకా కొంతమంది ఉన్నారు, అందరూ డెబ్భై దాటినవాళ్ళు. వాళ్ళని నేరస్తుల్లా కాకుండా గురువుల్లా కూర్చోబెట్టి, చెప్పింది రాసుకోవాలి, రికార్డు చెయ్యాలి. వాళ్ళ మనవల్ని గైడ్లుగా తీసుకోవాలి. ఏ పిట్టని ఏ పేరుతో పిలుస్తారో తెలుగులో రాసిపెట్టాలి.

చేతులకి పని కూడా ఉంది. కొండపల్లి బొమ్మల వాళ్ళు తెల్ల పొణికి చెక్కతో ఏనుగు అంబారీలు, తాటిచెట్టెక్కే కల్లుగీత మనిషి, దశావతారాలు చేస్తారు. భాగాల్ని విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతికించి, రంగులేస్తారు. కొయ్యబాతుకి కావాల్సిన పనితనం అంతా అందులో ఉంది. కొండపల్లి కొండల వైపు నించి వచ్చే బుడమేరు నీళ్ళు చివరికి చేరేది కొల్లేరుకే. ఆ నీళ్ళకి ఒక చివర ఉన్న చేతులు ఇంకో చివర ఉన్న పక్షుల్ని చెయ్యడంలో ఆశ్చర్యమేముంది? గూడబాతు, నత్తగుల్ల కొంగ, పరజ, నీరుకాకి, ఒక్కో దానికీ ఒక్కో బొమ్మ. కొల్లేటి చుట్టూ ఉన్న ప్రతి స్కూలుకీ ఒక్కో పెట్టె. పిల్లాడి చేతిలో పెట్టి, లంక తాతని పిలిచి కథ చెప్పించండి.

ఎదురు వాదనలు నాకు తెలుసు. "త్రీడీ ప్రింటర్‌లో కొడితే గంటల్లో వస్తుందిగా" అన్నాడు మా రూమ్మేట్. వస్తుంది. స్కూళ్ళకి పంచాలంటే అదే చవక కూడా, వద్దనను. కానీ ఆ ఫైలు తయారు చేసేవాడికి బాతు ఎంత మునుగుతుందో ఎవరో చెప్పాలి కదా. ఇంకొకరు "ఇదంతా రాసి దొంగ వేటగాళ్ళకి ఐడియాలిస్తున్నావ్" అన్నారు. దొంగ వేటగాడికి నా టపా అక్కర్లేదండీ, వాడికి వల తెలుసు, విషం గుళికలు తెలుసు. తెలియంది మనకే. మూడోది కొంచెం బరువైన వాదన: గట్లు, ఆక్రమణలు, చెరువుల్లోంచి వచ్చే మందుల నీళ్ళు, ఇవన్నీ వదిలేసి కొయ్యబాతుల గురించి మాట్లాడటం విలాసం కాదా? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్ళు ఎటు పోవాలో అని రాష్ట్రమంతా లెక్కలేసింది. కొల్లేరు అసలు సమస్య నీళ్ళూ, నేలా, డబ్బూ, ఓట్లూ. కొయ్యబాతు వాటిని తీర్చదు. ఒప్పుకుంటా. అయితే కాంటూరు అయిదా మూడా అని వాదించుకునే రెండు పక్షాల్లోనూ అసలు పక్షుల పేర్లు పది చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? పేరు తెలియని దాని కోసం ఎవడూ కొట్లాడడు.

మన ఐటీ వాళ్ళకి ఒక మాట. డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు కొల్లేరు వెళ్తారు, డ్రోన్ ఎగరేస్తారు, రీలు పెడతారు. ఈసారి కెమెరా ఇంట్లో పెట్టి, ఒక పెన్సిలూ అట్టముక్కా పట్టుకెళ్ళండి. ఒక్క పిట్టని, పక్కనించీ పైనించీ, రెండు బొమ్మలు గియ్యండి. గియ్యడం రాకపోయినా పర్లేదు, నాకూ రాదు. రెండో బొమ్మ సగంలో ఉండగా మీకో ప్రశ్న వస్తుంది, దానికి జవాబు పడవ నడిపే మనిషి దగ్గర ఉంటుంది. అడగండి. ఆయన ఇంకా ఉన్నప్పుడే.